ఒకే ఒక్క శాలువా

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులవి. తార్నాకలో మా సాయంకాలపు కళాశాలను నడిపే బాధ్యత నాది. డిగ్రీ లేని నాకు యూనివర్సిటీ లైబ్రరీయే కాలేజీ. అందుకేనేమో, మా పిల్లలకు మంచి మార్కులొస్తే నాకు ఒళ్ళు తెలిసేది కాదు.

ఆ రోజు బంద్. బస్సులు లేకపోయినా మెట్టుగూడ నుంచి ఒక రిటైర్డ్ రైల్వే అధికారి మా సభకు నడిచే వచ్చారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. ఆయన విరాళమిస్తేనే మా గదుల అద్దె కట్టగలం. ఆయన కోసం ఒక శాలువా కొన్నాం, రెండోదానికి డబ్బు లేదు.

సరిగ్గా సన్మానం వేళకు క్యాంపస్ నుంచి ఫలితాలు వచ్చాయి. పగలు అంబర్‌పేటలో బట్టల షాపులో పనిచేసే మా విద్యార్థిని ఎకనామిక్స్‌లో యూనివర్సిటీ ఫస్ట్. అతిథి అప్పటికే మెడ వంచి నిలబడ్డారు. నేను ఆయన్ని దాటుకుని వెళ్ళి శాలువా ఆ అమ్మాయికి కప్పేశాను.

"ఏంది సార్ గిట్ల చేసిన్రు? ఆంధ్రాయన అని కావాలనే చేసినమనుకుంటడు" అని మా లెక్చరర్ చెవిలో గొణిగాడు. వెంటనే అతిథి దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగాను.

"ఇంట్లో బీరువా నిండా శాలువాలే. ఇంకోటి తెస్తే మా ఆవిడ ఊరుకోదండీ" అన్నారాయన. అమ్మాయి వైపు తిరిగి, "నీకు తెలుస్తుందిగా, దీని ఖరీదెంతమ్మా?" అని అడిగారు.

ఆమె అంచు తిప్పి చూసింది. "వంద గూడ దాటదు సార్. ఉతికితే రంగు పోతది."

"ఇంత పొదుపుగా నడిపేవాళ్ళకి ఇవ్వొచ్చు" అంటూ ఆయన నవ్వి, అక్కడే ఏడాది అద్దెకు చెక్కు రాశారు.