హిల్లెవి ఆవులు, మీసాల పురుగు

మా ఓలాండ్ దీవిలో ఓక్ చెట్ల తోపును ఆనుకునే హిల్లెవి ఇల్లు. ముప్పై ఏళ్లు ఆమె పొరుగున ఉన్నాను. ఆవుల్ని తోలుకెళ్లమని పదకొండో ఏట తండ్రి తన చేతికిచ్చిన తోలుకర్రను ఆమె డెబ్బై తొమ్మిదో ఏట కూడా దించలేదు.

ఆ తోపులో ఒక ముసలి మాను నల్లటి పురుగుకు ఇల్లు. వేలెడంత ఒళ్లు, ఒంటిని మించిన మీసాలు. మా దేశంలో అది మిగిలిన చోట్లు చాలా తక్కువ. దాన్ని కాపాడాలని ఒక ఏడు అధికారులు తోపు చుట్టూ కంచె వేశారు. అన్నాళ్లూ అక్కడ మేసిన హిల్లెవి ఆవులు బయట ఉండిపోయాయి. చదువుకున్నవాళ్లు కదా అని ఆమె ఊరుకుంది. లోపల పొదలు మనిషెత్తు దాటాయి.

పన్నెండేళ్లు గడిచాక, డెబ్బై తొమ్మిదో ఏట, మోకాళ్లు మొరాయించడంతో ఎనిమిది ఆవుల్నీ అమ్మడానికి ఒప్పుకుంది. మర్నాడు లారీ వస్తుందనగా, అధికారుల తరఫున పురుగులు లెక్కపెట్టే యోరాన్ వచ్చాడు. మా ఇద్దరికీ పంది మాంసం కూరిన బంగాళాదుంప ఉండలు వడ్డించింది.

“ఈ ఏడు ఒక్క పురుగూ కనబడలేదమ్మా. ఎందుకో అంతుపట్టడం లేదు,” అన్నాడు యోరాన్.

“చలేస్తే నువ్వెక్కడ కూర్చుంటావయ్యా?”

“ఎండలో.”

“అదీ అంతే. పొదలు మానును కప్పేశాయి. ఎండ ఎట్లా తగుల్తుంది? నా ఆవులుంటే ఆ చిగుళ్లు మిగలనిచ్చేవా!”

“మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?”

“అడిగావా నువ్వు? కంచె వేసినప్పుడు రాసిన మీ కాగితంలో నా ఆవు దొంగల వరసలో ఉంది.”

యోరాన్ నమలడం మరిచాడు. “పొదలు మేం కొట్టిస్తాం. మళ్లీ పెరక్కుండా ఆవులు కావాలి. కానీ ఎక్కడో మిగిలినది వచ్చి గుడ్డు పెట్టినా, మాను లోపల పెరిగి పురుగై రావడానికే నాలుగైదేళ్లు.”

“అప్పటికి నాకు ఎనభై నాలుగు,” అంది హిల్లెవి. మోకాళ్లు నిమురుకుంది. తర్వాత ఆవుల్ని కొన్నవాడికి ఫోను చేసింది.

“లారీ పంపకయ్యా... ధర గురించి కాదు. నా ఆవులకు పని దొరికింది.”

ఐదేళ్లు గడిచాయి. మొన్న జూన్‌లో చక్రాల నడకబండి పట్టుకుని ఆమె మాను దాకా వెళ్లింది, వెనకాల నేనూ. బెరడు మీద ఎండ పడుతోంది. మాను మొదట్లో, పురుగు తొలిచి రాల్చిన ఇటుక రంగు పొడి. వేళ్లతో నలిపి చూసింది.

“కొత్తదే,” అంది.

చేతులు దులుపుకుంటూ మళ్లీ, “కంచె వేసిన నాడే నోరు విప్పాల్సింది,” అంది.

పక్కన ఆవులు లేత చిగుళ్లు కొరుకుతున్నాయి.