దుప్పటి అవతలి కొస

పనిలోకి తిరిగొచ్చిన మనిషిని మొదటి రోజు ఏమని పలకరించాలి? కాలు విరిగి లేచొచ్చినవాళ్ళనయితే "ఏదీ, నడిచి చూపించు" అంటాం. పురుడు పోసుకుని వచ్చినవాళ్ళనయితే బిడ్డది ఎవరి పోలికని అడుగుతాం. మనసు బాగోలేక సెలవు పెట్టి, మందులు మింగి, నెలల తర్వాత మళ్ళీ తలుపు తోసుకుని లోపలికొచ్చిన మనిషిని ఏమడగాలి? పెద్దక్క తనకి తెలుసనుకుంది. ఎంత ఆలోచించినా ఈనాటికీ తేలని ప్రశ్న అది.

పెద్దక్క పనిచేసేది ఒక హోటల్ లాండ్రీలో. పై అంతస్తుల్లో అతిథులు పడుకుని లేచిన దుప్పట్లన్నీ ఒక ఇనప గొట్టంలోంచి జారి అడుగు అంతస్తులో పడేవి. అక్కడంతా యంత్రాల హోరు, ఆవిరి, సబ్బు వాసన. కప్పుని ఆనుకుని పొడుగాటి కిటికీ ఒకటుంది. అది వీధి నేలకి సమానంగా ఉండటం వల్ల అందులోంచి వచ్చేపోయేవాళ్ళ కాళ్ళు తప్ప మరేమీ కనబడేవి కావు.

పెద్ద దుప్పటి మడవటం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చెరో రెండు మూలలు పట్టుకుని, వెనక్కి వాలి బిగించి లాగాలి. అలా లాగితేనే అంచులు తిన్నగా వస్తాయి. ఆ పైన గాల్లోకి ఒక విసురు, మూలకి మూల కలిపి మడత, ఒకరికొకరు ఎదురు నడిచి ఇవతలి చేతిలోంచి అవతలి చేతిలోకి. ఏ ఒక్కరు వదులుగా పట్టుకున్నా మడత వంకరపోతుంది. ఆ వంకర మీద ఇస్త్రీ పడిందంటే ఇక దేవుడు దిగొచ్చినా పోదు. మళ్ళీ నీళ్ళలో వెయ్యాల్సిందే.

ఏళ్ళ తరబడి పెద్దక్కకి అవతలి కొస పట్టుకున్నది పిట్ట. మనిషి పిట్టంత ఉండేది కాబట్టి ఆ పేరు. పెద్దక్క చూస్తే గుమ్మానికి తల తగిలే మనిషి. ఆ ఇద్దరినీ మొదటిసారి ఎదురెదురుగా చూసి ఇస్త్రీ చేసే ఆయన, అందరూ మామ అని పిలిచే ఆయన, పగలబడి నవ్వాడు. "ఇదేం జోడీరా నాయనా, నిచ్చెనకీ ముక్కాలిపీటకీ పెళ్ళి చేసినట్టుంది!" మళ్ళీ ఆయనే ఎక్కడి నుంచో ఒక పాత చెక్కపెట్టె మూత తెచ్చి పిట్ట కాళ్ళ కింద వేశాడు. అప్పటి నుంచి అదే పిట్ట చోటు.

చేతులు దుప్పటి మడుస్తుంటే పిట్ట కళ్ళు కిటికీ మీద ఉండేవి. "ఈ బూట్లాయన పెళ్ళాంతో పోట్లాడి బయల్దేరాడక్కా, ఒక లేసు కట్టుకున్నాడు, ఒకటి మరిచిపోయాడు." "ఈ చెప్పులావిడ కొత్త కోడలు, చప్పుడు కాకుండా నడవటం ఇంకా మానలేదు."

"కబుర్లు తర్వాత, ముందు లాగవే! పొద్దున్న తిన్నది ఎటు పోయింది?"

"లాగుతున్నాగా! ఇంకా లాగితే ఎగిరొచ్చి నీ నెత్తిన పడతా."

అలా గడిచింది. ఆ తర్వాత, ఎప్పుడని చెప్పలేం, పిట్ట కబుర్లు సన్నగిల్లాయి. కళ్ళ కింద నల్లటి చారలు దిగాయి. కిటికీలో కాళ్ళు పోతున్నా తల ఎత్తేది కాదు. ఇంట్లో కష్టమా అంటే కాదంది. ఒంట్లో జబ్బా అంటే లేదంది. కారణం చెప్పడానికి ఏమీ లేకపోవటమే ఆమెకి పెద్ద సిగ్గుగా ఉండేది. ఒకరోజు దుప్పటి ఆమె చేతుల్లోంచి మాటిమాటికీ జారిపోతుంటే పెద్దక్క అలవాటు చొప్పున కసిరింది. "ఏమే, నిలబడి నిద్రపోతున్నావా? చేతకాకపోతే ఇంట్లో కూర్చోవే!"

పిట్ట దుప్పటి వదిలేసింది. చెక్క దిగి, నేల మీద కూర్చుని, మోకాళ్ళలో తల పెట్టుకుంది. ఏడవలేదు. ఎవరు పిలిచినా పలకలేదు. వాళ్ళాయన వచ్చి చెయ్యి పట్టుకుని లేపేదాకా అలాగే ఉంది.

ఇది చాలాకాలంగా లోపల ముదురుతున్న జబ్బని డాక్టరు చెప్పినట్టు తర్వాత తెలిసింది. ఆ మాట పెద్దక్క ఒక చెవిన పడి రెండో చెవిన పోయింది. ఆమె లోపల మోగుతున్నది ఒక్కటే: ఇంట్లో కూర్చోవే. అన్నంత పనీ అయింది కదా! ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. ఒకసారి పిట్టని చూద్దామని వాళ్ళింటి మెట్ల దాకా వెళ్ళి, పై నుంచి ఎవరో దిగుతున్న చప్పుడు విని వెనక్కి తిరిగొచ్చేసింది.

పిట్ట తిరిగొస్తోందని తెలిసిన రోజు సూపర్‌వైజర్ అందర్నీ పిలిచి జాగ్రత్తలు చెప్పాడు. చెడ్డవాడు కాదు పాపం. "ఏమీ అడగొద్దు. వేళాకోళాలు అసలే వద్దు."

"మాట్లాడొచ్చా సార్, సైగలు చేసుకోమంటారా?" అన్నాడు మామ.

"నీ నోరు కుట్టేస్తే గానీ..." అని పెద్దక్కే ఆయన మీద విరుచుకుపడింది.

మర్నాడు పెద్దక్క అందరికంటే ముందొచ్చి, మూలన పడున్న ఆ చెక్కని కడిగి తుడిచి దాని చోట పెట్టింది. పిట్ట వచ్చింది. మందుల వల్ల కాబోలు మొహం కాస్త ఉబ్బింది. చెక్క ఎక్కి నిలబడి చేతులు చాచింది. "ఇంట్లో అందరూ గుసగుసలే అక్కా. గ్లాసు కింద పెట్టినా చప్పుడు కానివ్వరు. ఎప్పుడెప్పుడు ఇక్కడికొచ్చి నీ చేత నాలుగు తిట్లు తిందామా అని ఉంది."

పెద్దక్క గబుక్కున దుప్పటి అందుకుంది. "తిట్లెందుకమ్మా. మెల్లగా చేసుకుందాం. అలసటగా ఉంటే చెప్పు తల్లీ."

తల్లీ అన్న మాటకి పిట్ట వెనక్కి తిరిగి చూసింది, వెనకెవరైనా ఉన్నారేమోనని.

పని మొదలైంది. పెద్దక్క మూలలు పట్టుకుంది గానీ వెనక్కి వాలలేదు. పసిపిల్ల వేలు పట్టుకున్నట్టు పట్టుకుంది. పిట్ట లాగితే ఆ లాగినంతా పెద్దక్క వైపు నుంచి జారిపోయేది. మడత ఇవ్వటానికి పిట్ట చెక్క దిగబోతే, "వద్దు, నేనొస్తాగా" అని దూరమంతా తనే నడిచింది. దుప్పటి వెనక దుప్పటి, ఇదే వరస.

మామకి మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. "ఏమే పిట్టా, ఇన్నాళ్ళూ తిని కూర్చున్నావు కదా, కాస్త పొడుగన్నా ఎదిగి రాకూడదూ? ఆ చెక్క మా ఇంటి పొయ్యిలోకైనా పనికొచ్చేది!"

పిట్ట పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వు పెదవి దాకా వచ్చింది. అంతలో పెద్దక్క మామకేసి ఉరిమి చూసింది. ఆయన గతుక్కుమని ఇస్త్రీ బల్ల వైపు తిరిగిపోయాడు. ఆ నవ్వు వచ్చిన దారినే పోయింది.

కాసేపటికి పిట్ట చేతులు దించింది. "అక్కా, నువ్వు లాగట్లేదు."

"లాగుతున్నానే."

"నా చేతులకి తెలీదా?"

"నాక్కూడా ఈ మధ్య భుజం నొప్పిగా ఉంటోందమ్మా" అంది పెద్దక్క, ఎటో చూస్తూ. ఆ భుజానికి ఏ నొప్పీ లేదని పిట్టకి తెలుసు. పొద్దున్నే ఆ భుజం మీదే ఆమె సబ్బు బస్తా మోసుకురావటం చూసింది.

ఆ వారం పూర్తి కాకుండానే పై అంతస్తుల నుంచి దుప్పట్లు వెనక్కొచ్చాయి. సూపర్‌వైజర్ ఒక దొంతర తెచ్చి బల్ల మీద పెట్టాడు. అంచులు ఎగుడుదిగుడు, మడతలు వంకర టింకర. "ఇవి మీ ఇద్దరివేనా?"

పిట్ట పెద్దక్క మొహంలోకి చూసింది. పెద్దక్క నోటి నుంచి ఒక్క మాట చాలు, నేనే లాగలేదు సార్ అంటే సరిపోతుంది. కానీ ఎందుకు లాగలేదంటే? ఆ రోజు తనన్న మాట తవ్వి తియ్యాలి, అందరి ముందూ, పిట్ట ముందే. పెద్దక్క దొంతరలో పై దుప్పటి అంచు సర్దసాగింది.

పిట్టే ముందుకొచ్చింది. "నావే సార్. చేతుల్లో ఇంకా బలం రాలేదు."

"పర్లేదమ్మా. కొన్నాళ్ళు తువ్వాళ్ళ బల్ల దగ్గర కూర్చో. ఒక్కరు చేసుకునే పని, హడావుడి ఉండదు."

"నిలబడగలను సార్."

"కూర్చోమ్మా. నిన్నెవరూ ఏమీ అనరు."

"అదే కదా సార్" అంది పిట్ట, చెక్క దిగుతూ.

ఆ రాత్రి పెద్దక్కకి ముద్ద దిగలేదు. మొగుడు గుచ్చి గుచ్చి అడిగితే, ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నదంతా బయటపెట్టింది. ఆయన చెయ్యి కడుక్కొచ్చి నింపాదిగా అన్నాడు: "నీ నోటికి మనుషులు మంచాన పడేట్టయితే, పెళ్ళయినప్పట్నించీ నేనెలా లేచి తిరుగుతున్నానంటావ్?"

పెద్దక్కకి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. పొద్దున్నే వెళ్ళి పిట్టతో చెప్పేయాలనుకుంది.

తువ్వాళ్ళ బల్ల దూరంగా, గోడ వైపు తిరిగి ఉండేది. అక్కడ కూర్చుంటే మనిషి వీపు తప్ప కనబడేది కాదు, కూర్చున్నవాళ్ళకి కిటికీ కనబడేది కాదు. పెద్దక్క మర్నాడు వెళ్ళి పక్కన నిలబడి, ఒక తువ్వాలు తీసి ఊరికే దులిపింది. "ఆ రోజు నేను..." అంది. ఆరబెట్టే యంత్రం గంట మోగింది. "తర్వాత చెప్తాలే."

"ఇప్పుడే చెప్పక్కా."

"తర్వాత, తర్వాత. అక్కడ బట్టలు కాలిపోతాయి."

కాలిపోవని ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత అన్నది రేపయింది, ఎల్లుండయింది. పెద్దక్కకి ఎదురుగా ఒక కొత్తమ్మాయిని పెట్టారు. తగిన పొడుగున్న పిల్ల. చెక్క అక్కర్లేకపోయింది. ఎవరో దాన్ని సబ్బు డబ్బాల కింద వేశారు. పెద్దక్క చూసి కూడా తియ్యలేదు.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర మామ మెల్లగా చెప్పాడు. "మానేస్తున్నానని పిట్ట కాగితం ఇచ్చిందట. ఇవాళే ఆఖరు. నేను కదిలించా. 'గుసగుసలు ఇంట్లోనూ వినొచ్చు, వాటికోసం ఇంత దూరం రావటం దేనికి మామా' అంది."

పెద్దక్క ముద్ద మళ్ళీ గిన్నెలో వేసి మూత పెట్టేసింది. సాయంత్రం పని దిగాక మెట్ల దగ్గర పట్టుకోవాలి, అనుకుంది. అన్నీ చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో కూడా అనుకుంది: ఒసే పిట్టా, నాకు భుజం నొప్పీ లేదు, పాడూ లేదు.

సాయంత్రం కావటానికి ఇంకా చాలా పొద్దుంది. దుప్పట్లు కుప్పగా ఉన్నాయి. ఒకటి విప్పి, మూలలు పట్టుకుని తల ఎత్తింది. తువ్వాళ్ళ బల్ల దగ్గర ఎవరూ లేరు. తువ్వాళ్ళు మాత్రం అంచుకి అంచు కలిసి గోడ కట్టినట్టున్నాయి.

అప్పుడే కిటికీ ఒక చివర రెండు కాళ్ళు కనిపించాయి. చిన్న పాదాలు. ఎడమ చెప్పు పట్టీకి నీలం దారంతో వేసిన కుట్టు. ఆ కుట్టు వేసిన రోజు సూది లాండ్రీలో ఎవరి దగ్గరా లేకపోతే పెద్దక్కే తన జాకెట్టుకి గుచ్చుకున్నది తీసిచ్చింది.

పిలిస్తే ఈ హోరులో వినబడదు. పరుగెత్తాలంటే దుప్పటి వదలాలి. కింద నేలంతా తడి.

"ఏంటక్కా, ఆగిపోయావ్?" అంది కొత్తమ్మాయి.

ఆ పాదాలు గబగబా కిటికీ సగం దాటాయి. పెద్దక్క మూలలు బిగించి పట్టుకుంది. ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగింది. అవతల కొత్తమ్మాయి తూలి ముందుకొచ్చి పడబోయింది.

"అబ్బా! మెల్లగా అక్కా!"

కిటికీలో ఇంకెవరివో బూట్లు పోతున్నాయి.