ఎడమచేతి రొట్టె

కూసో బిడ్డ. ముందుగాల ఆ ఫోన్ల ఆట బంద్ చెయ్యి. సగం చెవు ఇటు, సగం చెవు అటు పెడితే నేను చెప్ప. చెప్పింది చెప్పినట్లే రాయాలె, నడుమ నీ సొంత కవిత్వం కలపకు. రాస్తున్నవా? ఆఁ, రాయి.

మీ అమ్మ పెండ్లి చేసిన యాడాది అది. పెండ్లయినంక ఇల్లంత బోసిపోయింది. ఎండాకాలంల మీ తాత దోస్తు ఒకాయన, వికారాబాద్‌ల చర్చి హాల్ల కచ్చేరి ఉంది రండ్రి అంటే, తాండూరుల రైలెక్కి పోయినం. కచ్చేరంటే సౌండు బాక్సులు, డప్పులు ఉంటయనుకున్న. పోయి చూస్తే స్టేజి మీద ఒక కుర్చీ, దాని ముందట కాలు పెట్టుకునేటందుకు చిన్న పీట. మైకు సుత లేదు. ఒక పెద్దమనిషి గిటారు పట్టుకొని వచ్చి కూసున్నడు. కూసుంటనే ఫ్యాన్ల దిక్కు చెయ్యి చూపెట్టి, అన్నీ బంద్ చెయ్యమన్నడు.

ఎండలు ఎట్లున్నయో నువ్వే అనుకో. మీ తాత రుమాలుతో ఊపుకుంట నా చెవుల గొణిగిండు.

"ఏందే ఇది? మనల్ని ఉడకబెట్టనీకి పిలిచిండ్రా?"

"ఊకోండ్రి, అందరు చూస్తున్నరు" అన్న.

అప్పుడు ఆయన వాయించిండు. ఒక్కడే మనిషి, ఒక్కటే గిటారు. దొడ్డు తీగల మీద బొటనవేలు ఒక మాట చెప్తుంటే, సన్న తీగ మీద ఉంగరం వేలు ఇంకో మాట చెప్తున్నది. ఇద్దరు అక్కచెల్లెండ్లు ఒక్క మంచం మీద కూసొని మాట్లాడుకున్నట్లున్నది. మెడ మీదికెల్లి చెమట కారుతున్నది. తుడుసుకుంటే చీర సప్పుడైతదని తుడుసుకోలే.

ఆ కచ్చేరి పెట్టించినామె అక్కడనే బడిల పాటలు నేర్పి రిటైరయిన టీచరమ్మ. నాకు సుత నేర్పుతరా అని అడిగిన. రైల్ల వస్తుంటే మీ తాత ఒకటే నవ్వుడు.

"బిడ్డ పెండ్లి చేసి అల్లున్ని తెచ్చుకున్నవ్. ఇప్పుడు గిటారా? బండలు కోసేటోని పెండ్లాం స్టేజెక్కుతదట!"

నవ్వుతే నవ్విండు గని, గిటారు కొన్ననాడు దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్లు ఎత్తుకొని వచ్చిండు.

టీచరమ్మ పొట్టి మనిషి, గొంతు మాత్రం స్టేషన్ దాక ఇనొస్తది. మొదటి దినం గిటారు ముట్టనియ్యలే. నా చేతులు పట్టుకొని గోర్లు చూసింది.

"ఎడమచేతివి మొదలు దాక తీసెయ్యి. కుడిచేతివి పెంచు. ఎడమచెయ్యి తీగ నొక్కుతది, కుడిచేతి గోరు పలికిస్తది. గోరిరిగితే నీ గొంతు పోయినట్లే. ఇంట్ల ఏం పని చేసుకుంటవో నాకు తెల్వదు."

ఇంట్ల ఏం పని? రొట్టెలే. మా అత్త, అంటే మీ తాత వాళ్ళమ్మ, జొన్నరొట్టె తప్ప ఇంకోటి ముట్టకపోయేది. మా వంటింట్ల గట్టు మీ తాత తన కార్ఖానాల పాలిషు పట్టించిన బండ. దాని మీద పిండిముద్ద పెట్టి, అరచేత్తో కొట్టుకుంట గుండ్రంగ తిప్పాలె. గట్ల రోజు కొడితే గోరు ఎక్కడ నిలుస్తది? అందుకని ఎడమచేత్తో కొట్టుడు నేర్చుకున్న. మొదలు ఒక దిక్కు దొడ్డుగ, ఒక దిక్కు చిల్లులు. తర్వాత మంచిగనే వచ్చినయి.

మా అత్త ఊకుంటదా? "ఎడమచేతి రొట్టె తిననీకి నేనేం పాపం చేసిన్నే" అనేది. తిట్టుకుంట తినేది, తినుకుంట తిట్టేది.

మీ తాతకేమో బండలు కోసే మిషన్ల కాడ నిలబడి నిలబడి చెవులు సగం పోయినయి. నేను వాయిస్తుంటే టీవీ చూసుకుంట, "షురూ చేసినవా, ఇంక లేదా?" అనేటోడు.

టీచరమ్మ కాడ నేర్చుకునేటోళ్ళంత అదే చర్చి హాల్ల వాయించాలె. ఒకపారి జరమొచ్చిందన్న, ఇంకోపారి చుట్టాల పెండ్లన్న. అసలు సంగతి భయం. టీచరమ్మకు తెల్వదా?

"ఈసారి సాకు చెప్తే ఇగ నా ఇంటికి రాకు. గోడలకు వాయించుకునేటోళ్ళకు నేర్పే ఓపిక నాకు లేదు" అన్నది.

ఆ మాటతోని నాకు నిద్ర పట్టకపోయేది. ఆమె రావద్దంటే ఇంకెవరున్నరు? గిటారు నేర్పేటోళ్ళు తాండూరుల గల్లీకొకరున్నరా ఏంది?

కచ్చేరి దినమొచ్చింది. శుక్రవారం. చీర ఇస్త్రీ చేసి పెట్టుకున్న. అన్నం యాళ్లకు బషీరాబాద్ నుంచి మా అత్త తమ్ముడు, ఆయన పెండ్లాం ఆటో దిగిండ్రు. ఫోను లేదు, ఏం లేదు. ఆయనది సగం తెలుగు, సగం కన్నడం. మంచినీళ్ళకని వంటింటి దాక వచ్చి, నన్ను చూసి నిలబడ్డడు.

"ఏనమ్మా! ఇంటికొచ్చినోళ్ళకు ఎడమచేతి రొట్టె పెడతరా మీ తాండూరుల?"

మా అత్త నన్ను తిట్టుంటే ఎడమచేత్తోనే కొట్టేదాన్ని బిడ్డ. తిట్టలే. తమ్ముని ముందట తల దించుకుంది. గంత నోరున్న మనిషి తల దించుకుంటే నాకు పాణం కలుక్కుమన్నది. చెయ్యి మార్చిన. వేళ్ళు మీదికి లేపుకొని, ఒట్టి అరచేత్తో పైలంగ కొట్టిన. అన్నీ అయిపోయినయి. ఆఖరి రొట్టె బండకు అంటుకుంది. లేపుదామని వేలు పెట్టిన.

టక్కుమన్నది.

ఉంగరం వేలు గోరు, కండ దాక పోయింది. ఇరిగిన తునక పిండిల దొరికేదాక ఎవరికి ఒడ్డించలే.

మీ తాత ఒళ్ళంత తెల్ల దుమ్ముతోని అన్నానికి వచ్చిండు. వేలు చూపెట్టిన.

"గోరే కద. మల్ల వస్తది."

"పొద్దుగూకే యాళ్లకు వస్తదా?" అని ఏడ్చిన. ఆయన గిటారు భుజానికేసుకున్నడు. రైల్ల పిడికిలి విప్పలే నేను. ధారూరు రాంగనే, "దిగిపోదామా?" అన్న. ఇనపడిందో లేదో, గిటారును ఒడిలకు జరుపుకున్నడు.

టీచరమ్మ నా వేలు చూసింది.

"రొట్టెనా?"

"రొట్టెనే."

సంచిల నుంచి గోర్లు కోసేది తీసింది. "మిగిలినయి సుత తీసెయ్యి."

"శుక్రవారం టీచరమ్మ! దీపాలు పెట్టే యాళ్ల!"

"నాకు అన్ని దినాలొక్కటే. మూడు వేళ్ళు గట్టిగ, ఒక్క వేలు మెత్తగ పలికితే అది పాట గాదు, పంచాయితి. అన్నీ మెత్తగనే మాట్లాడనీ."

"వెనక కూసున్నోళ్ళకు ఇనొస్తదా?"

"ఇనాలనుకునేటోళ్ళు ముందుకొంగుతరు. పో."

కుర్చీల కూసున్న. కాలు పీట మీద పెట్టిన. ఫ్యాన్లు బంద్ చేసిండ్రు గని, వెనక గోడ కాడిది ఒక్కటి మరిచిపోయిండ్రు. కట్, కట్, కట్ అని తిరుగుతున్నది. నేను షురూ చేసిన. ఒట్టి వేళ్ళతోని ఎంత సప్పుడొస్తది? నా పాట కంటె ఆ ఫ్యానే నాకు ఎక్కువ ఇనొస్తున్నది. ముందు వరుసల ఒకామె ఆవులించింది. ఉంగరం వేలు సన్న తీగ మీద జారింది. చెవులు కాలిపోయినయి.

అప్పుడే మీ తాత లేచిండు. అందరు చూస్తుంటే వెనకకు నడుస్తున్నడు. ఇనొస్తలేదు పాపం, పోతున్నడు, అనుకున్న. ఇగ ఆపేద్దామనే అనుకున్న. ఆయన గోడ కాడికి పోయి మీటల మీద చెయ్యేసిండు.

టక్కున లైట్లు పోయినయి.

హాలంత చీకటి. ఎవరో "అయ్యో" అన్నరు. నేను ఆపలే బిడ్డ. చీకట్ల నన్నెవరు చూస్తలేరు, నేనెవర్ని చూస్తలేను, వేళ్ళకు తొవ్వ తెలుసు. లైట్లు మల్ల వచ్చినయి. ఫ్యాను కట్ కట్ తగ్గుకుంట తగ్గుకుంట ఆగింది. ఇగ చూడు! అక్కచెల్లెండ్లు ఇద్దరు మాట్లాడుకున్నరు, గుసగుసగ. మీ తాత తన జాగలకు పోలే. స్టేజి ముందట కింద కూసొని, చెవు ఎనక చెయ్యి పెట్టుకొని, మోకాళ్ళ మీదికి వంగి ఇంటున్నడు. ఆవులించినామె సుత ముందుకొంగింది.

అయిపోయినంక టీచరమ్మ మెచ్చుకోలే. "పాట రెండో వరుస కాడ జారినవ్. సోమారం రా, సరిచేద్దాం" అన్నది. నాకు గది చాలు. రమ్మన్నది కద!

తెల్లారి పొయ్యి కాడికి పోతే మీ తాత పిండి కలుపుకొని నిలబడ్డడు.

"జరుగు. నా బండ మీద నేను కొట్టుకుంట."

ఆ రొట్టెకు మూలలెన్నో నేను చెప్పలేను. మా అత్త కండ్లకద్దుకొని తిన్నది. "మాడింది గని, కుడిచేతిది" అన్నది.

నవ్వకు, రాయి. గోర్లు మల్ల మెల్లగ పెరిగినయి. టీచరమ్మే ఆకురాయి పెట్టి నునుపు చేసింది. గోరుతోని ఇంట్ల మొదటిపారి ఆ పాట వాయించిన దినం, మీ తాత టీవీ బంద్ చేసి, లేచి ఫ్యాను దిక్కు పోయి...

"ఏమే! ఎంతసేపు ముచ్చట్లు? రొట్టె సల్లారుతున్నది, ఇద్దరు రాండ్రి!"

ఆఁ, వస్తున్న, వస్తున్న! మీ తాతే పిలుస్తున్నడు. పా బిడ్డ. ఫ్యాను బంద్ చేసి ఆయన నాతోని, "ఇగ షురూ చెయ్యి" అన్నడు.