లూర్దు పిన్నమ్మా, ఆ పడవ పాట నువ్వెక్కడ చూశావు?

నిన్న పొద్దున రెంటచింతల నుంచి ఫోన్. లూర్దు పిన్నమ్మ పోయిందట.



ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా లోపల ఇంత కోపం ఉందని నాకే తెలీదు.

పిన్నమ్మ నాకు జ్ఞానతల్లి. నా బాప్టిజం రోజు నన్ను ఎత్తుకుని నిలబడింది ఆమే. పక్కిల్లు. అమ్మకి ఆమె తప్ప వేరే ఫ్రెండ్ లేదు.

సిక్స్టీస్ మాటిది. మా ఊరికి టూరింగ్ టాకీస్ వచ్చింది. డేరా మధ్యలో గుడ్డ కట్టి అటు మగాళ్ళు, ఇటు ఆడాళ్ళు. పిన్నమ్మ భర్త ఇన్నాసి బాబాయ్‌కి సినిమాలంటే పడదు. అమ్మే ఆయన్ని బతిమాలి ఆమెని తీసుకొచ్చింది. పాపం, ఆమెకి అదే మొదటి సినిమా అనుకున్నాం.

కథ ఏంటంటే, పెళ్ళైన మనిషి చాటుగా ఇంకో ఆమెతో తిరుగుతుంటాడు. చివర్లో భార్యకి తెలుస్తుంది.

తెర మీద ఆ భార్య ఇంకా నవ్వుతూ అన్నం వడ్డిస్తోంది. ఇక్కడ పిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఒకటే ఏడుపు.

"ఏందే లూర్దూ, ఏడ్చే సీను ఇంకా రాందే మొదలుపెట్టావ్?" అని అమ్మ నవ్వింది.

తర్వాత ఆ సీను వచ్చింది. అమ్మా ఏడ్చింది. పిన్నమ్మ తన కొంగుతోనే అమ్మ కళ్ళు తుడిచింది.

మర్నాడు మా వసారాలో ఇద్దరూ మిరపకాయలకి తొడిమలు తీస్తున్నారు. నాన్న కాఫీ తాగుతూ, "డేరావోడు పాటొకటి ఎత్తేశాడు" అన్నాడు. మా ఊరొచ్చేసరికి రీళ్ళు అరిగిపోయి ముక్కలు ఎగిరిపోయేవి లెండి.

పిన్నమ్మ తలెత్తకుండానే, "ఆ, పడవ మీద పాట. చానా బాగుంటది" అంది.

అమ్మ చేతులు ఆగిపోయాయి.

"నువ్వెప్పుడు చూశావే?"

నాన్న గ్లాసు అక్కడే పెట్టి పొలం వెళ్ళిపోయాడు.

ఆ సినిమా ముందు ఆడింది నరసరావుపేటలో. నాన్న కోర్టు వాయిదాలకి అక్కడికి వెళ్తుండేవాడు. కడుపునొప్పికి పేట ఆస్పత్రిలో చూపించుకోవాలని పిన్నమ్మ అంటే, "ఒక్కతే ఏం పోతది, నువ్వు తీసుకుపో" అని నాన్నని తోడిచ్చి పంపింది అమ్మే.

అమ్మ గొడవ చెయ్యలేదు. ఆమెతో మాట మానేసింది, అంతే. అది చూసే ఊరికి అర్థమైపోయింది. ఇన్నాసి బాబాయ్ మాచర్ల వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. నాన్న అన్నం అడగడం మానేశాడు, పెడితే తినేవాడు.

నేను గుళ్ళో మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే పండక్కి పిన్నమ్మ కుట్టిన తెల్లగౌను అమ్మ తిప్పి పంపింది. ఎవరిదో ఎరువు తెచ్చి తొడిగింది. గుళ్ళో నేను వెనక్కి తిరిగి పిన్నమ్మ కోసం వెతుకుతుంటే నెత్తిన ఒక్కటిచ్చింది. ఎందుకో అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

పోయే ముందు అమ్మ ఒక్కసారే అడిగింది. "మీ నాన్న సంగతి ఎప్పుడో వదిలేశానే. ఆ లూర్దుకి నేనేం తక్కువ చేశా?"

ఆ జవాబు చెప్పాల్సిన మనిషి నిన్న పోయింది.

ఇప్పుడు నలుగురూ లేరు. అందుకే మనవాళ్ళ మధ్య ఇదంతా రాస్తున్నా. తప్పనిపిస్తే ఏమీ అనుకోకండి.

పిన్నమ్మా, నన్ను దేవుడి ముందు ఎత్తుకున్న చేతులు నీవే. అదీ మర్చిపోలేను, ఇదీ మర్చిపోలేను.

ప్రభువు నీకు శాంతినివ్వాలి. నిజంగానే అంటున్నా.

అక్కడ అమ్మ ఎదురైతే ఈసారైనా నువ్వు ముందు ఏడవకు. ఆమెని ఏడవనియ్యి.

వెళ్ళిరా.