నుదుటి మీద గట్లు

పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో ఒక మధ్యాహ్నం సికింద్రాబాద్ స్టేషన్లో రేకుల షెడ్డు కింద బండి కోసం కూర్చుని, నా పాత ఇంగ్లీషు నిఘంటువు తిరగేస్తున్నాను. పక్కనున్న కోటు పెద్దమనిషి ఏ బడిలో చదివావన్నాడు. ఏ బడీ లేదు, సొంతంగా నేర్చుకున్నానన్నాను.

"మరి గీ పుస్తకం నీకెందుకురా? పైనున్న రేకును కారుగేటెడ్ అంటరు. ఎందుకంటరో చెప్పు సూద్దాం!"

అంటరానివాళ్లమని మమ్మల్ని బడి గడప తొక్కనిచ్చిందెవరు? ఆ మంట నాకిప్పటికీ ఆరలేదు. వెతికి పైకే చదివాను. కారుగేట్ అంటే గట్లు గట్లుగా చేయడం, 'ముడత' అని అర్థమిచ్చే లాటిన్ మాట నుంచి పుట్టింది.

"ఇనుముకు ముడతలేందిరా? తప్పు చదివినవ్!" అని ఆయన మండిపడ్డాడు. షెడ్డంతా నవ్వింది.

ఎదురు బల్ల మీద, ఒళ్లో బైబిలు పెట్టుకుని కూర్చున్న తెల్లచీర టీచరమ్మ నా వైపు చూసింది.

"సరిగ్గానే చదివావు నాయనా. ఆ మాట ముందు మనిషి ముడతలకే ఉండేది, రేకులకి తర్వాత వచ్చింది." వేలెత్తి ఆయన నుదురు చూపించింది. "అదిగో, ఎలా గట్లు కట్టిందో చూడు!"

ఆయన ఇంకా ఉరిమి చూశాడు. గట్లు ఇంకా లేచాయి. ఈసారి షెడ్డు ఆయన్ని చూసి నవ్వింది. చేత్తో నుదురు కప్పుకున్నాడు.

నేను పేజీ తిప్పి, తర్వాతి మాట ఇంకా పెద్ద గొంతుతో చదివాను.