సింహం పక్కన సున్నుండల డబ్బా

ఆ రోజుల్లో నేనూ నా పాస్‌పోర్టూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లం గానీ ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం కాదు. బహ్రెయిన్‌లోని ముహర్రక్‌లో నేను వంటకీ, ఇంటి ముసలమ్మగారిని చూసుకోవడానికీ చేరిన ఆ ఇంట్లో, అది మేడ మీద బీరువాలో నగల పక్కన చల్లగా పడుకునేది. నేను కింద వంటింటి పక్క గదిలో పడుకునేదాన్ని. (దాని రాత నా రాత కన్నా బాగుందని చాలాసార్లు అనుకున్నాను.) ఎవరో లాక్కుని దాచారని కాదు. పనికి చేరిన రోజున గుమ్మంలో చెప్పులు విడిచినట్టు పాస్‌పోర్టు ఇచ్చేయడం అందరికీ అలవాటు. ఎందుకని ఎవరూ అడగరు. గోదావరి జిల్లా నుంచి వచ్చి రెండేళ్లయింది, వయసు ఇరవై నాలుగు, నాకూ అడగాలని తోచలేదు. అక్కడి పద్ధతిలో యజమానురాలిని 'మామా' అని పిలవాలి. ఆవిడ నాకంటే ఆరేళ్లే పెద్ద. (మా ఊళ్లో మామ అంటే మీసాలుంటాయి. అలవాటు పడడానికి నాకు నెల పట్టింది.) ఆవిడ అత్తగారు పెద్ద మామా.

పెద్ద మామాకి డెబ్బై ఎనిమిదేళ్లు, మోకాళ్లు పనిచేయవు, నోరు మాత్రం రెండు షిఫ్టులు పనిచేస్తుంది. పొద్దస్తమానం టీవీలో అడవి జంతువుల్ని చూసేది. ఒకరోజు టీవీలో సింహం ఆవులిస్తుంటే చేతికర్రతో దాన్ని చూపించి, చచ్చేలోగా దీన్ని కళ్లారా చూస్తానని తీర్మానం చేసింది. కొడుకు ఆఫీసు పని వదిలి రాలేనన్నాడు. కోడలు కెన్యా తీసుకెళ్తానంది. అప్పుడు ముసలావిడ ఒక షరతు పెట్టింది: ఆ పిల్ల లేకుండా నేను కదలను. ఆ పిల్లంటే నేనే. నూనె రాసి మోకాళ్లు పట్టడం నాకే చేతనవుననేది పైకి చెప్పిన కారణం. అసలు కారణం సున్నుండలు. ఒకసారి నా కోసం చేసుకున్నవి రుచి చూపించాను, అంతే, ఆవిడకి సున్నుండ లేనిదే కహ్వా, అంటే వాళ్ల కాఫీ, గొంతు దిగడం మానేసింది. దాంతో నేను మనామా సూక్ బజారుకి వెళ్లి మినపగుళ్లు తెచ్చి, వేయించి, విసిరి, బెల్లం కలిపి, నెయ్యి ఒలకబోసి, పెద్ద పాలపొడి డబ్బా నిండా చేశాను. కెన్యాకి, సింహం దగ్గరికి, సున్నుండలతో! మా అమ్మకి ఫోనులో చెబితే ముందు నమ్మలేదు, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత బెల్లం ఎంత వేశావని అడిగింది.

ఆ ఇంటి డ్రైవరు నిజామాబాద్ వైపు కుర్రాడు, నన్ను అక్కా అనేవాడు. బహ్రెయిన్‌లో మూడేళ్ల నుంచి ఉన్నా దాన్ని దుబాయి అనే పిలిచేవాడు. విమానాశ్రయానికి తీసుకెళ్తూ అద్దంలోంచి నాకేసి చూసి చెప్పాడు. "అక్కా, సింహం గురించి ఫికరు పెట్టుకోకు. పాస్‌పోర్టు పైలం. అది పోయిందనుకో, ఆడ ఉండనియ్యరు, ఈడికి రానియ్యరు. ఖలాస్."

వాడి నోటి చలవ. విమానాశ్రయంలో మామా బ్యాగు తెరిచి, అత్తగారి మందులూ టిక్కెట్లూ మోయడమే నా వల్ల కావట్లేదు, నీది నువ్వే చూసుకో అని నా పాస్‌పోర్టు నా చేతిలో పెట్టేసింది. రెండేళ్ల తర్వాత చూశాను దాన్ని. అందులో ఫొటోలో ఉన్న పిల్ల బాగా నూనె రాసుకుని, జడ వేసుకుని, భయంగా చూస్తోంది. నాకు సంతోషం వేసింది. సొంత వస్తువే అయినా పరాయివాళ్ల నగ అరువు తెచ్చుకున్నట్టు ఉంది. రొమ్ముకి హత్తుకుని కూర్చున్నాను విమానంలో. భోజనం పెట్టినప్పుడు కూడా ఒంటి చేత్తోనే తిన్నాను.

అక్కడ మనం దిగేది క్యాంపులో అని మామా చెప్పినప్పుడు నా గుండె జారిపోయింది. బహ్రెయిన్‌లో క్యాంపు అంటే ఒక గదికి పన్నెండు మంచాలు, ఒక స్నానాలగదికి ముప్ఫై బాల్చీలు. తీరా చూస్తే ఏముంది, గుడారమే గానీ లోపల పరుపులూ, దోమతెరలూ, వేడినీళ్లూ! పెద్ద మామాకీ నాకూ కలిపి ఒక గుడారం. అన్నీ బాగానే ఉన్నాయి గానీ తలుపుకి తాళం లేదు, జిప్పు ఉంది. తాళం లేని చోట పాస్‌పోర్టు ఎక్కడ పెట్టాలి? దిండు కింద పెట్టాను, నిద్ర పట్టలేదు. నడుముకి కట్టుకున్నాను, చెమటకి తడిసిపోతుందేమోనని విప్పేశాను. చివరికి మా అమ్మ మాట గుర్తొచ్చింది: దొంగ బీరువా చూస్తాడు గానీ పప్పుల డబ్బా చూడడు. మా ఇంట్లో తాకట్టు కాగితాల నుంచి మా అమ్మ చెవిదిద్దుల దాకా అన్నీ కందిపప్పు డబ్బా అడుగునే పెరిగాయి. అంతే, ప్లాస్టిక్ కవర్లో చుట్టి సున్నుండల అడుగున పెట్టి మూత బిగించాను. ఆ రాత్రి హాయిగా గుర్రుపెట్టానని మర్నాడు పెద్ద మామా ఫిర్యాదు చేసింది.

గుడారాల్లో తినేవి ఉంచకూడదని వచ్చిన రోజే చెప్పారు. మా జీపు నడిపే ఆయన (పెద్ద టోపీ పెట్టుకునేవాడు, నేను టోపీ అన్న అనుకునేదాన్ని) రెండుసార్లు చెప్పాడు, మామా అరబ్బీలో మూడోసారి చెప్పింది. నేను బుద్ధిగా తల ఊపాను. తినేవి అంటే అన్నం, కూర, రొట్టె. సున్నుండలు డబ్బాలో ఉంటాయి కదా, అవి సామాను. ఇది అప్పట్లో నాకు చాలా న్యాయంగా తోచింది.

ఇక మూడు రోజులు నేను మనిషిని కాను. టాపు తెరిచిన జీపులో నిలబడి ఎన్ని చూశాను! జిరాఫీ తల చెట్టు మీంచి వస్తుంటే, అది ఎంతకీ అయిపోదే మెడ! ఏనుగులు పిల్లల్ని మధ్యలో పెట్టుకుని, పెళ్లివారి గుంపులా మా జీపుకి అడ్డంగా నడిచి వెళ్లాయి. చారల గుర్రాలు వందలు. నేను అరవకుండా ఉండాలని కొంగు నోట్లో కుక్కుకున్నాను, అయినా ఒక నీటిగుర్రం నీళ్లలోంచి లేచి నోరు తెరిచేసరికి ఓరి నాయనోయ్ అని గట్టిగా అనేశాను. పక్క జీపులో తెల్లవాళ్లు చప్పట్లు కొట్టారు. ఒక్క సింహమే కనబడలేదు. టోపీ అన్న రోజూ రేపు రేపు అనేవాడు. మూడో సాయంత్రానికి పెద్ద మామా, టీవీ నయం, మీట నొక్కితే వస్తుంది అని అలిగి పడుకుంది.

నాలుగో పొద్దున మా తిరుగు ప్రయాణం. పన్నెండింటికి ఆ అడవిలోంచి చిన్న విమానం ఎక్కాలి, అక్కడి నుంచి పెద్ద విమానం. సామాన్లు సర్దేసి, పెద్ద మామా ముఖం కడగడానికి వేడినీళ్లు అడిగితే తేవడానికి నాలుగడుగులు వెళ్లాను. జిప్పు మూశాననే అనుకున్నాను. తిరిగొచ్చేసరికి గుడారంలోంచి ముసలావిడ అరుపులు. కర్ర గాల్లో తిప్పుతోంది. ఆవిడ ఎదురుగా కుక్క మూతీ కోతి ఒళ్లూ ఉన్న జంతువొకటి, బబూన్ అంటారట, నా పాలపొడి డబ్బాని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఉంది. నన్ను చూసింది. నా పక్కనుంచే బయటికి దూకి పరుగు. మా అమ్మ లెక్కలో దొంగంటే మనిషే గానీ, పప్పుల డబ్బా కోసమే వచ్చే దొంగలు కూడా ఉంటారని ఆవిడకేం తెలుసు!

మామా పరిగెత్తుకొచ్చి, పోతే పోయాయి లడ్డూలు, ఊరుకో అంటోంది. అప్పుడు చెప్పాను, పాస్‌పోర్టు అందులో ఉందని. ఆవిడ ముఖం పాలిపోయింది. బహ్రెయిన్ వీసా ముద్ర అందులోనే. అది లేకపోతే నేను విమానం ఎక్కలేను. వీళ్లిద్దరూ వెళ్లిపోతారు, భాష రాని దేశంలో నేను ఒక్కదాన్నే కూర్చుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఈలోగా నా పని ఇంకొకరిది అవుతుంది. అమ్మా నేనూ బతుకుతున్నది ఆ పని మీదే. చచ్చానురా భగవంతుడా అనుకుంటూ కూలబడ్డాను. పెద్ద మామా మాత్రం అప్పటికే కర్ర పట్టుకుని జీపు వైపు కుంటుతోంది. "యల్లా," అంది, "పదండి, దొంగని పట్టుకుందాం."

టోపీ అన్న నవ్వలేదు, నయం. బబూన్ల గుంపు వెళ్లిన దిక్కున జీపుని గుంతలూ గట్లూ చూడకుండా తోలాడు. ముసలావిడ ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో నా భుజం పట్టుకుని, ఇంకా వేగంగా అని అరుస్తోంది. ఒంటరి తుమ్మచెట్టు మీద దొరికాయి అవి. మా దొంగ పై కొమ్మ మీద కూర్చుని డబ్బాని చెట్టుకేసి కొడుతోంది. మూత ఊడింది. ఒక సున్నుండ తీసి నోట్లో వేసుకుంది, కళ్లు మూసుకుంది, ఇంకోటి తీసింది. (ఆ కంగారులోనూ, కుదిరాయన్నమాట అనిపించింది నాకు.) ఇంతలో గుంపంతా ఒక్కసారి మొరగడం మొదలెట్టింది, దాని చేతిలోంచి డబ్బా జారి కిందపడింది. నేను దిగబోయాను. టోపీ అన్న నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, గడ్డి కేసి చూపించాడు.

గడ్డిలోంచి ఆడ సింహం నడిచి వచ్చింది. తొందరేం లేదు దానికి. చెట్టు కిందికి వచ్చి, డబ్బాని వాసన చూసి, ఒలికిన నెయ్యిపిండిని రెండుసార్లు నాకి, డబ్బా పక్కనే నీడలో ఒరిగి పడుకుంది. పెద్ద మామా రెండు చేతులూ పైకెత్తి దేవుణ్ణి తలుచుకుంది, ఆవిడ కళ్లలో నీళ్లు. పది నిమిషాల్లో చుట్టుపక్కల జీపులన్నీ చేరాయి. అందరూ ఊపిరి బిగబట్టి ఫొటోలు తీసుకుంటున్నారు, సైగలు చేసుకుంటున్నారు, ఒకాయన ఆనందం పట్టలేక భార్యని ముద్దు పెట్టుకున్నాడు. నేను డబ్బా వైపే చూస్తున్నాను. గాలికి అది కొంచెం కదిలితే నా ప్రాణం కదిలేది. కవరు కొస ఒకటి అంచు మీంచి బయటికి వేలాడుతోంది. సింహం తోక ఆడించినప్పుడల్లా దానికి తగులుతుందేమోనని గోళ్లు కొరికాను.

తొమ్మిదైంది, పది దాటింది. అది లేవదు. మామా గడియారం చూసుకుంటూ, నెమ్మదిగా, విమానం మన కోసం ఆగదు, అత్తయ్యా, మనం వెళ్లి అక్కడి నుంచి ఏదైనా ఏర్పాటు చేద్దాం అంది. ఆవిడ తప్పు లేదు. ముసలావిడ సింహం మీంచి చూపు తిప్పకుండానే జవాబు చెప్పింది. "విమానం వెళ్తే వెళ్తుంది. ఈ పిల్లని తెచ్చింది నేను. దీన్ని వదిలి నేను వెళ్లను." నాకు అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

చివరికి మమ్మల్ని కాపాడింది సూర్యుడే. నీడ జరిగింది, సింహం మూతి మీద ఎండ పడింది. విసుగ్గా లేచి, ఒళ్లు విరుచుకుని, కాస్త దూరంలో పొద నీడకి వెళ్లి పడుకుంది. టోపీ అన్న జీపుని అడుగులో అడుగు వేయిస్తూ చెట్టు దగ్గరికి తెచ్చి, పెద్ద మామా చేతికర్ర అడిగి తీసుకుని, తలుపు జానెడు తెరిచి, వంపు కొసతో డబ్బా అంచు పట్టి లాగాడు. సింహం తల ఎత్తింది. డబ్బా లోపలికొచ్చింది, తలుపు పడింది, అన్ని జీపుల్లోంచీ చిన్నగా చప్పట్లు. పాస్‌పోర్టు ఉంది! అట్ట మూల మీద ఒక పంటి గాటు, లోపలంతా నేతి వాసన, ఆ నూనె జడ పిల్ల మాత్రం చెక్కుచెదరలేదు. నేను టోపీ అన్న రెండు చేతులూ కళ్లకద్దుకున్నాను. పెద్ద మామా డబ్బాలోకి తొంగిచూసి, ఒక్కటీ మిగల్లేదా అంది. విమానం మెట్లు తీసేస్తుండగా చేరాం.

బహ్రెయిన్‌లో దిగి, అధికారి ముద్ర వేసి పంపాక, మామా నా వైపు చూడకుండానే చెయ్యి చాపింది. ఎప్పటి పద్ధతే. నా చెయ్యి కూడా దానంతట అదే సంచిలోకి వెళ్లి పాస్‌పోర్టు తీసింది. సగం దూరం వెళ్లి ఆగిపోయింది. ఇది నా దగ్గరే ఉంచుకుంటాను మామా, అన్నాను. ఆ ఇంట్లో రెండేళ్లలో నేను కాదన్న మొదటి మాట అదే, అందుకని అది సగం గొంతులోనే ఉండిపోయింది. ఆవిడ ఆశ్చర్యంగా చూసింది, కోపమో కాదో నాకు తెలియలేదు. చక్రాల కుర్చీలోంచి పెద్ద మామా అంది: "సింహం దగ్గర్నుంచి తెచ్చుకుంది అది. నీకెందుకివ్వాలి?" మామా చాపిన చేత్తో సామాన్ల బండి పట్టుకుని తోసుకుంటూ ముందుకి నడిచింది. కారెక్కాక నిజామాబాద్ తమ్ముడికి మెల్లగా సంగతి చెబితే, సింహం ఊసే ఎత్తలేదు వాడు. "నిజంగ ఇయ్యనన్నవా? ఏమనలేదా?" అని ఇల్లు చేరేదాకా అదే అడిగాడు. నెల తిరక్కుండా వాడూ అడిగి తనది తెచ్చుకున్నాడు, సింహం గింహం లేకుండానే.

ఇదంతా పదేళ్ల కిందటి మాట. నేనింకా బహ్రెయిన్‌లోనే ఉన్నాను, పెద్ద మామా లేరు. మొన్న మామా పాత ఫోనులోంచి ఆ రోజు ఫొటో ఒకటి పంపింది. జీపులో అందరి ముఖాలూ వెలిగిపోతూ సింహం వైపు తిరిగి ఉన్నాయి. నేనొక్కదాన్నే ముక్కు ఎర్రగా చేసుకుని నేలకేసి చూస్తున్నాను. ఎంతమందికో ఈ కథ చెప్పాను గానీ, సింహం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే చెప్పలేను. ఇరవై అడుగుల దూరంలో, పట్టపగలు, రెండు గంటల సేపు ఉన్నాను, దాని ముఖం సరిగా చూడనే లేదు. ఫొటోలోని ఆ పిల్ల పక్కన కూర్చుని, గడ్డం పట్టుకుని తల ఎత్తి, ఒసే పిచ్చిదానా, ఒక్కసారి అటు చూడవే అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదు లెండి.