కల్లంలో తెల్లపీట

మార్చి వచ్చిందంటే మా కంప్యూటర్ ల్యాబులో కిటికీ గురించి తగువు మొదలవుతుంది. కాలేజీ ప్రహరీ అవతలంతా మిర్చి కల్లాలే. అక్కడ ఎండుతున్న కాయలను తిరగేసినప్పుడల్లా ఘాటు లేచి నేరుగా లోపలికొస్తుంది. పిల్లలు దగ్గుతారు, తుమ్ముతారు, నన్ను మనసులో తిట్టుకుంటారు. "ఏసీ ఉండి కూడా ఈ కిటికీ ఎందుకండీ మేడం" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నేను మూయను. ఆ ఘాటు ముక్కుకు తగలగానే, ఇదే గదిలో ఇదే కిటికీ పక్కన చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, అయినా సరే రెక్క మూయనివ్వకుండా నిలబడ్డ సలోమి మేడం గుర్తుకొస్తారు.

ఆవిడ ఇండస్ట్రియల్ డిజైన్ చదివే మాకు మోడలింగూ రెండరింగూ నేర్పేవారు. కుర్చీ గానీ మిక్సీ గానీ, ఏ వస్తువైనా తయారు కాకముందే దాన్ని కొలతలతో సహా కంప్యూటర్లో కట్టడం మోడలింగ్. అలా కట్టినదానికి వెలుగూ నీడా రంగూ ఇచ్చి, ఫొటో తీసినంత నిజంగా చూపించడం రెండరింగ్. మేడం వాళ్ళది పొన్నూరు. తండ్రి పాస్టరు. మైకు లేని చర్చిలో చిన్నప్పటి నుంచీ పాటలు పాడి పాడి గొంతు అలా పెద్దదైపోయిందని తనే చెప్పేవారు. ఆ గొంతుతో ఆవిడ మంచినీళ్ళు అడిగినా మాకు చీవాట్లు పెట్టినట్టే ఉండేది. నాకైతే మొదటి నెలంతా ఆవిడంటే భయం, ఆ తరువాత చాలాకాలం కోపం. ప్రేమ ఎప్పుడు మొదలైందో చెప్పలేను.

మొదటి రెండరింగ్ క్లాసులో మేమంతా మా మా గ్లాసులూ గిన్నెలూ తళతళలాడేలా తయారుచేసి, పెళ్ళిచూపులకు ముస్తాబైనట్టు కూర్చున్నాం. ఇంటర్నెట్లో పాఠాలు చూసి అన్ని వైపుల నుంచీ లైట్లు పెట్టేశాం. కింద అద్దం లాంటి నేల, వెనక తెల్లటి గోడ. మేడం వరసగా చూసుకుంటూ వచ్చి, గది మధ్యలో నిలబడి, "అందరూ లైట్లన్నీ తీసెయ్యండి" అన్నారు. తీసేశాం. గదిలో స్క్రీన్లన్నీ నల్లబడ్డాయి. "ఇప్పుడు ఒక్కటి పెట్టండి. మన నెత్తిన సూర్యుడు ఒక్కడేగా. ఆ ఒక్కడితోనే ఇంత ఎండ కాస్తోంది కదమ్మా, మీకు ఇన్నెందుకు?" ఆ సెమిస్టరు మొత్తం రెండో లైటు ముట్టుకోనివ్వలేదు. పొద్దున క్లాసుకు రాగానే కిటికీలో ఒక తెల్ల కాగితం పెట్టించి, అది ఏ పక్క ఏ రంగులో ఉందో చెప్పమనేవారు. తెల్లగా ఉందంటే ఊరుకునేవారు కాదు. తెలుపు ఎప్పుడూ పక్కనున్నవాళ్ళ రంగు కొంచెం పూసుకునే ఉంటుందని ఆవిడ వాదన. మేము నవ్వుకునేవాళ్ళం. ఈ చాదస్తానికి ఫీజు కట్టి మరీ వచ్చామా అని నేను పైకే అన్నాను ఒకసారి. విన్నారు. ఆ వారమంతా కాగితం పెట్టే పని నాకే ఒప్పజెప్పారు.

చివరి సంవత్సరం ప్రాజెక్టుకు నేను పీట ఎంచుకున్నాను. మా ఊరు పెదకాకాని అవతల. మా అమ్మ సీజన్లో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్ళేది. కుప్ప ముందు గోతం మడిచి వేసుకుని పొద్దున కూర్చుంటే మళ్ళీ సాయంత్రం లేవడమే. ఇంటికొచ్చాక గోడ పట్టుకుంటే గానీ నిలబడలేకపోయేది. ఆ పనికి సరిపడే తక్కువ ఎత్తు పీట, ఒక చేత్తో ఎత్తి పక్క కుప్ప దగ్గరికి మార్చుకోగలిగేంత తేలికైనది, చేయాలనుకున్నాను. ఇందులో నాకింకో భయం కూడా ఉంది. ట్రాలీ ఆటో నడిపే మా నాన్న ముందే చెప్పేశాడు. "ఫెయిలైతే ఇంకో ఏడాది చదివించడం నా వల్ల కాదమ్మా. కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ పని ఉందంట, నీకోసం చెప్పి ఉంచా." తిట్టినా బాగుండేది. అంత మెత్తగా చెప్పేసరికి ఏడుపొచ్చింది. ఏడవలేదు. ఎలాగైనా పాసవ్వాలి, పీటల పనే చేయాలి అనుకున్నాను.

తెల్ల ప్లాస్టిక్ పీట మోడల్ చేసి, తెల్ల గోడ ముందు నిలబెట్టి, ముచ్చటగా రెండర్ చేసి తీసుకెళ్ళాను. మేడం చాలాసేపు చూశారు.

"బాగుంది. ఎక్కడుంది ఇది?"

"ఎక్కడా లేదు మేడం. బ్యాక్‌గ్రౌండ్ తెలుపు పెట్టాను."

"ఎక్కడా లేని పీట మీద మీ అమ్మ ఎట్టా కూర్చుంటది?"

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే మధ్యాహ్నం ప్రహరీ దాటి కల్లానికి వెళ్ళాను. మేడం పట్టుపట్టి మా అందరి చేతా అసలు సైజు నమూనాలు కూడా చేయించారు. చేతికి తగలనిదాన్ని స్క్రీన్ మీద నమ్మకూడదట. అలా నేను థర్మోకోల్‌తో చేసి తెల్లరంగు వేసిన పీటను చంకన పెట్టుకుని వెళ్ళి, ఎండుతున్న కాయల మధ్య దించి, వంగి చూశాను. పీట పైభాగం కళ్ళు చెదిరే తెలుపు. కింది భాగం ఎర్రగా ఉంది. కాళ్ళ లోపలి వైపులూ అంతే. కాయల మీద పడ్డ ఎండ ఎరుపును మోసుకుని తిరిగి పైకి లేచి తెలుపుకు అంటుకుంది. పుట్టినప్పటి నుంచీ కల్లాల పక్కనే పెరిగాను, ఒక్కనాడూ అది చూడలేదు. ఘాటుకు కళ్ళలో నీళ్ళు కారుతున్నా అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

మళ్ళీ మొదటి నుంచి రెండర్ చేశాను. ఒక్క సూర్యుడు, నేలంతా కాయలు, మధ్యలో పీట. ఎరుపు నేను పూయలేదు. వెలుగును తన దారిన పోనిస్తే అదే వచ్చి కూర్చుంది.

పరీక్షరోజు జ్యూరీకి నగరం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మంచి మనిషే, పని తెలిసినవారే. నా బొమ్మ చూసి పెదవి విరిచారు. "మెటీరియల్ పాడైందమ్మా. తెలుపు తెల్లగా కనపడొద్దూ? పక్క రంగు కొద్దిగా పడుతుంది, కాదనను. కానీ ఇంత ఎరుపు రాదు. ఎక్కడో నంబరు పెంచేశారు మీరు. చివరి ఏడాదిలో చేయాల్సిన తప్పు కాదిది." ఆయన పెన్ను కాగితం మీదికి వెళ్ళడం చూశాను. కోల్డ్ స్టోరేజీ గేటు కళ్ళముందు కదిలింది. మేడం వైపు చూశాను. ఆవిడ ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ ఆవిడ నావైపే తిరిగారు.

"నువ్వు చూశావా లేదా?" అనడిగారు నన్ను.

"చూశాను మేడం."

"మరైతే నాకేసి చూస్తావేం? సార్‌కి చూపించు."

అదృష్టం ఏమిటంటే, ఆ పొద్దున అమ్మ మేడంకి కారం పట్టించుకోమని ఒక సంచీడు కాయలు పంపింది. మా వైపు ఎవరికైనా మర్యాద చేయాలంటే ముందు గుర్తొచ్చేది అదే. బల్ల కిందున్న సంచీ తీసుకుని, పీటా బొమ్మా పట్టుకుని, "ఒక్కసారి బయటికి రండి సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వరండా దాటి ఎండలో పేపర్లు పరిచి కాయలు కుమ్మరించాను. మధ్యలో పీట పెట్టాను. ఆ పెద్దాయన ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని వంగారు. ఒక పక్క నుంచి చూశారు, ఇంకో పక్కకు జరిగి చూశారు. ఏదో అనబోయి తుమ్మారు. మళ్ళీ తుమ్మారు. జ్యూరీ అంతా తుమ్మడం మొదలుపెట్టింది. ఆయన జేబురుమాలుతో ముక్కు తుడుచుకుంటూ, నా చేతిలోని బొమ్మ తీసుకుని పీట పక్కన పెట్టి పోల్చి చూసి, "నిజంలోనే ఎక్కువుందే" అన్నారు. ముందు వేసిన మార్కులు కొట్టేసి, పక్కన మళ్ళీ వేశారు. పాసయ్యాను.

అందరూ వెళ్ళాక మేడం కాయలు సంచీలోకి ఎత్తుకుంటూ, "ఎరుపు సరే. కాళ్ళు సన్నమయ్యాయి, మెత్తటి నేలలో దిగబడతాయి. రేపు రా, వెడల్పు చేద్దాం" అన్నారు. ఒక్కరోజైనా సంతోషపడనిస్తారేమో అనుకున్నాను. మర్నాడు ఆవిడ నాకంటే ముందే ల్యాబులో ఉన్నారు. సెలవులంతా కూర్చోబెట్టి ఆ పీట మళ్ళీ చేయించారు. ఒంగోలు దగ్గర ప్లాస్టిక్ సామాన్లు అచ్చు పోసే చిన్న ఫ్యాక్టరీ వాళ్ళు దాన్ని చూసే నాకు మొదటి ఉద్యోగం ఇచ్చారు. ఇప్పుడు తొడిమల పనికి వెళ్ళే వాళ్ళలో కొందరి కింద ఆ పీట ఉంది. అమ్మకు మాత్రం గోతమే అలవాటు. పీట మీద మంచినీళ్ళ బిందె పెట్టుకుంటుంది.

మేడం పోయారని తెలిసి పొన్నూరు వెళ్ళాను. ఇంటి ముందు ఎర్ర షామియానా వేశారు. దాని కింద, తెల్లచీరలో, పెట్టెలో పడుకుని ఉన్నారు. ఆ పెద్ద గొంతు లేని ఇల్లు ఎలా ఉంటుందో తెలిశాక దుఃఖం ఆగలేదు. వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడుస్తూనే చూశాను, తెల్లచీర తెల్లగా లేదు. పైనున్న గుడ్డలోంచి ఎండ దిగి భుజాల దగ్గరా మడతల అంచుల్లోనూ ఎర్రగా పడింది. పక్కనున్న మేడం కూతురు నా చేయి పట్టుకుని, "ఏం చూస్తున్నావక్కా" అంది. చెప్పాను. ఆ పిల్ల కూడా కళ్ళు తుడుచుకుని, వంగి చూసింది.

ఆవిడ కూర్చున్న చోట ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. ఇవాళ క్లాసులో పల్నాడు నుంచి వచ్చిన ఒకమ్మాయి స్ప్రేయర్ డబ్బా రెండర్ చేసి తెచ్చింది. పొలంలో మందు కొట్టేటప్పుడు వాళ్ళ నాన్న భుజం ఒరుసుకుపోకుండా పట్టీ మార్చిందట. తెల్ల గోడ ముందు, ఇన్ని లైట్ల మధ్య, చక్కగా మెరుస్తోంది డబ్బా.

"ఎక్కడుంది ఇది?" అన్నాను.

"ఎక్కడా లేదు మేడం" అంది. అని, మొహం మాడ్చుకుంది. ఆ కోపం నాకు బాగా తెలుసు.

"లైట్లన్నీ తీసెయ్" అన్నాను. స్క్రీన్ నల్లబడింది. నా కుర్చీ ఆ పిల్ల పక్కకు లాక్కుని, వెళ్ళి రెండో కిటికీ కూడా తెరిచి వచ్చాను. గదంతా తుమ్మింది.